మలాకీలో ఐదు వచనాల దూరం

మలాకీ గ్రంథం మూడో అధ్యాయం పదో వచనం వినని తెలుగు క్రైస్తవ కుటుంబం దాదాపు ఉండదు. పంటలో, సంపాదనలో పదో వంతు మందిరానికి తెచ్చి చూడండి, ఆకాశం తలుపులు తెరిచి మీకు పట్టనంత దీవెన కుమ్మరిస్తానో లేదో పరీక్షించండి అని దేవుడే సవాలు చేసినట్టు చెప్పే వచనం అది. కొత్త సంవత్సరం క్యాలెండర్ల మీద, కానుకల సంచి తిరిగే వేళ పాస్టరు గారి నోట, టీవీ ప్రసంగాల్లో అది వినిపిస్తూనే ఉంటుంది. అదే అధ్యాయంలో సరిగ్గా ఐదు వచనాల ముందున్న మాట మాత్రం అంతగా వినపడదు. తాను ఎవరి మీద సాక్ష్యం చెప్పడానికి వస్తున్నాడో దేవుడు అక్కడ వరుసగా చెబుతాడు. మంత్రగాళ్లు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్లు ఆ వరుసలో ఉంటారు. వాళ్ల సరసనే కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లు, విధవరాళ్లనూ తండ్రిలేని పిల్లలనూ పీడించేవాళ్లు, పరాయి ఊరివాడికి న్యాయం దక్కనివ్వనివాళ్లు ఉంటారు. పదో వచనం వినేవాడికి ఆశ చూపుతుంది, ఐదో వచనం వినేవాడి లెక్కల పుస్తకం అడుగుతుంది. ఈ రెంటినీ విడదీసి చదువుకోవడం వల్లే ధనం గురించి బైబిలు రెండు నాలుకలతో మాట్లాడుతుందన్న అభిప్రాయం ఇంత బలపడింది. కలిపి చదివితే అందులో చాలావరకు ఒకే ప్రశ్న కనిపిస్తుంది. ఆ ప్రశ్న ఎంత ఉందన్నది కాదు, ఉన్నదాంట్లో ఎవరి బాకీ కలిసి ఉందన్నది. నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో బకాయి అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు కాబట్టి ఈ మాట అక్కడి నుంచే చెప్పడం తేలిక.

రెండు నాలుకల ఫిర్యాదుకు ఆధారం లేకపోలేదు. విశ్వాసులకు తండ్రి అనిపించుకున్న అబ్రాహాము పశువులు, వెండి, బంగారం పుష్కలంగా ఉన్నవాడు. దేవుడి మాట వింటే గంపలూ గాదెలూ నిండుతాయని ద్వితీయోపదేశకాండం ఇరవై ఎనిమిదో అధ్యాయం హామీ ఇస్తుంది. యేసేమో ధనవంతుడు దేవుని రాజ్యంలో చేరడం కన్నా ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులువన్నాడు. యాకోబు పత్రిక ధనవంతులను ఇప్పటినుంచే గోడుగోడున ఏడవమంటుంది. దీనికి సాధారణంగా వినిపించే పరిష్కారం ఒకటుంది: క్రీస్తుకు ముందరి పాత నిబంధన సంపదను దీవెనగా చూసింది, క్రీస్తు తర్వాతి కొత్త నిబంధన దాన్ని అడ్డంకిగా చూసింది, అంతే తేడా అని. వినడానికి బాగుంది గానీ నిలబడదు. పేదవాణ్ణి జత చెప్పులకు అమ్మేసుకున్నారనీ, దొంగ తూకాలతో ధాన్యం అమ్ముకోవడానికి పండగ ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూస్తున్నారనీ వ్యాపారులను దులిపేసిన ఆమోసు పాత నిబంధనవాడే. ఇంటికి ఇల్లు, చేనికి చేను కలుపుకుంటూ పోయేవాళ్లకు శ్రమ తప్పదన్న యెషయా కూడా అక్కడివాడే. అటు కొత్త నిబంధనలో హేరోదు గృహనిర్వాహకుడి భార్య యోహన్న లాంటి ఆడవాళ్లు తమ సొంత డబ్బుతో యేసు బృందాన్ని పోషించారు. ఖరీదైన ఊదారంగు బట్టలు అమ్మే లూదియ ఇంట్లో పౌలు అతిథిగా ఉన్నాడు. యేసు దేహాన్ని దించి సమాధి చేసిన అరిమతయియ యోసేపు ధనవంతుడని మత్తయి పనిగట్టుకుని చెప్పాడు. రెండు గొంతులూ రెండు నిబంధనల్లోనూ ఉన్నాయి.

ఇంకాస్త దగ్గరగా చూస్తే ఒకే పుస్తకంలో, ఒక్కోసారి ఒకే అధ్యాయంలో ఉన్నాయి. ద్వితీయోపదేశకాండం పదిహేనో అధ్యాయం నాలుగో వచనం మీలో బీదవాళ్లు ఉండనే ఉండరంటుంది. పదకొండో వచనం బీదవాళ్లు దేశంలో ఎప్పటికీ ఉంటారంటుంది. ఆ అధ్యాయం కూర్చినవాడికి మతిమరుపు అనుకోవడం కన్నా, ఆ రెంటి చుట్టూ ఏం చెప్పాడో చదవడం మేలు. ఏడేళ్లకోసారి అప్పులు మాఫీ చేయమన్నాడు. మాఫీ ఏడాది దగ్గరపడిందని అప్పు పుట్టకుండా చేయిబిగబట్టవద్దన్నాడు. విడుదలయ్యే దాసుణ్ణి వట్టి చేతులతో పంపవద్దన్నాడు. ఇవి జరిగితే నాలుగో వచనం, జరగకపోతే పదకొండో వచనం. సామెతల గ్రంథంలో ఇంతకన్నా ముచ్చటైన ఉదాహరణ ఉంది. ధనవంతుడి ఆస్తి అతనికి కోటగోడ అని పదో అధ్యాయం అంటుంది. పద్దెనిమిదో అధ్యాయం అదే మాట తిరిగి చెప్పి, ఆ గోడ ఎత్తయినదని అతని ఊహ అని ఒక తోక తగిలిస్తుంది. డబ్బు ఆపదలో కాస్తుందన్న లోకజ్ఞానాన్ని ఆ గ్రంథం కాదనలేదు, దాన్నే నమ్ముకుని కూర్చోవడాన్ని మాత్రం వెక్కిరించింది. ఇక గంపలూ గాదెలూ నింపే ఆ ఇరవై ఎనిమిదో అధ్యాయంలో మొత్తం 68 వచనాలుంటే దీవెనలకు దక్కినవి మొదటి 14. మిగిలిన 54 శాపాలు. దీవెనల దగ్గరే పుస్తకం మూసేసే అలవాటు ఎప్పుడు మొదలైందో గానీ, అది గ్రంథం నేర్పిన అలవాటు కాదు.

మరి దీవెన ఏ షరతు మీద? ఇక్కడ ధర్మశాస్త్రం చాలా నేలబారుగా మాట్లాడుతుంది. కూలివాడు నీ కులంవాడైనా, నీ ఊళ్లో ఉంటున్న పరాయివాడైనా, వాడి కూలి ఆ రోజే, పొద్దు గుంకేలోపే ఇచ్చెయ్యి అంటుంది ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయం. అతని ప్రాణం దాని మీదే పెట్టుకున్నాడు కాబట్టి, తెల్లారేదాకా ఆపితే అతను దేవుడికి మొరపెట్టుకుంటాడు కాబట్టి. లేవీయకాండం కూడా కూలి రాత్రంతా నీ దగ్గర ఉండకూడదంటుంది. ద్రాక్షతోట ఉపమానంలో యేసు చెప్పిన యజమాని సాయంత్రం కాగానే గుమాస్తాను పిలిచి కూలి ఇప్పించడం ఈ చట్టం ప్రకారమే. సంపన్నుణ్ణి నీతిమంతుడిగా నిలబెట్టిన చోట కూడా ఇదే కొలత. యోబు ఏడువేల గొర్రెలు, మూడువేల ఒంటెలు ఉన్న ఆసామి. కష్టాలు చుట్టుముట్టాక తన నిర్దోషిత్వం గురించి ప్రమాణాలు చేస్తూ చివరికి భూమి దగ్గరికి వస్తాడు. డబ్బు చెల్లించకుండా తన నేల పంట తిని ఉంటే, ఆ నేల తన మీద మొరపెట్టి ఉంటే, గోధుమలకు బదులు ముళ్లు మొలవాలంటాడు. తన ఆస్తి తక్కువని అతను ఎక్కడా అనడు. యిర్మీయా ఇరవై రెండో అధ్యాయంలో ఇద్దరు రాజుల పోలిక మరీ సూటిగా ఉంటుంది. తండ్రి యోషీయా తిన్నాడు, తాగాడు, సుఖంగానే ఉన్నాడు, బీదల వ్యాజ్యం న్యాయంగా తీర్చాడు, అతనికి మేలు జరిగింది. కొడుకు యెహోయాకీము పొరుగువాడితో జీతం ఇవ్వకుండా పని చేయించుకుని విశాలమైన మేడలు కట్టాడు, దేవదారు పలకలు పరిచాడు, అతనికి గాడిదను పూడ్చే తీరులో పూడ్చివేత తప్పదన్నాడు ప్రవక్త. ఇద్దరూ రాజభోగం అనుభవించినవాళ్లే. ప్రవక్త పట్టింది భోగాన్ని కాదు, వెట్టిని.

బోధన్ చెరకు ప్రాంతపు చరిత్ర తెలిసినవాళ్లకు ఈ వచనాలు ఎక్కడో పాలస్తీనా సంగతుల్లా అనిపించవు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి బోధన్, వర్ని వైపు క్యాంపులు కట్టుకున్నారు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. వేల ఎకరాల సొంత సాగుతో ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. చెరకు వింత పంట. ఏడాది పొడుగునా నీళ్లు తాగి పొలంలో నిలబడుతుంది, కోసిన తర్వాత మాత్రం గంటలు గడిచే కొద్దీ బరువూ తీపీ పోగొట్టుకుంటుంది. వడ్లలా ఇంట్లో పోసుకుని ధర వచ్చేదాకా ఆగే వీలు లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర తూకం అయిపోయాక రైతు చేతిలో మిగిలేది చీటీ మాత్రమే. అందుకే 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు, సరుకు అందిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలనీ, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలనీ రాసింది. మోషే ధర్మశాస్త్రం పొద్దు గుంకేదాకా గడువిస్తే మన చట్టం రెండు వారాలిచ్చింది, రెంటి వెనకా ఉన్నది ఒకటే ఎరుక. పని ముందు జరిగిపోయి, డబ్బు తర్వాత రావలసి ఉన్న చోట బలం మొత్తం డబ్బు ఉన్నవాడి వైపే ఉంటుంది. 2002లో ఆ ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో గానుగ ఆగిపోయింది. కార్మికులు జీతాల బకాయిల కోసం రోడ్డెక్కారు. తెరిపిస్తామన్న మాట ఆ తర్వాత ఎన్నికల సభల్లో వినపడుతూనే వచ్చింది. చేలు కోసినవాళ్ల కూలి ఆపేస్తే ఆ కూలే మొరపెడుతుందనీ, కోతగాళ్ల కేకలు దేవుడి చెవిన పడ్డాయనీ యాకోబు పత్రిక ఐదో అధ్యాయం రాసింది ఇలాంటి నేల మీది మనుషుల గురించే. కాకపోతే ఆ వచనాన్ని ఫ్యాక్టరీ గేటుకు అంటించి ఊరుకుంటే సరిపోదు. గొలుసు అక్కడితో ఆగదు కదా. ఫ్యాక్టరీ రైతుకు బాకీ పడితే, రైతు చెరకు కొట్టే ముఠాకు బాకీ పడతాడు. ఒకే మనిషి పైవాడి దగ్గర కోతగాడు, కిందివాడి దగ్గర ధనవంతుడు. బైబిల్లో ధనవంతుడన్న మాట వినగానే మనం ఎప్పుడూ మనకన్నా పైవాడినే వెతుక్కోవడం అలవాటైపోయింది గానీ, ఆ పత్రిక ఎవరి మొహం చూసి రాశారో అంత కచ్చితంగా చెప్పలేం.

ఇక్కడ జాగ్రత్తగా చదివేవాళ్లు ఒక అభ్యంతరం లేవనెత్తుతారు. కథంతా బాకీలదే అయితే, ఆజ్ఞలన్నీ పాటించానన్న ఆ ధనిక యువకుణ్ణి యేసు ఉన్నదంతా అమ్మి పేదలకు ఇచ్చేయమని ఎందుకన్నాడు? అతను ఎవరి కూలీ ఎగ్గొట్టలేదే? మంచి ప్రశ్న. ఈ కథ మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ చెప్పారు. మార్కు పదో అధ్యాయంలో యేసు ఆ యువకుడికి ఆజ్ఞలు వల్లిస్తాడు: నరహత్య వద్దు, వ్యభిచారం వద్దు, దొంగతనం వద్దు, అబద్ధ సాక్ష్యం వద్దు. ఆ వెంటనే మోసం చేసి ఎవరి సొమ్మూ లాక్కోవద్దు అన్న ఒక మాట చేరుస్తాడు. పది ఆజ్ఞల్లో ఈ ఆజ్ఞ లేదు. మత్తయి, లూకా రాసిన కథల్లోనూ ఇది కనపడదు. నిండుగా ఆస్తి ఉన్నవాడి ముందు నిలబడి యేసు దాన్ని ఎందుకు కలిపాడో మార్కు వివరించడు. ఆ కాలపు గలిలయలో ఆస్తులు ఎలా పోగయ్యేవో ఎరిగినవాళ్లకు వివరణ అక్కర్లేకపోయి ఉండవచ్చు. లూకా ఇంకో పని చేశాడు. ఈ యువకుడి కథ తర్వాత కాసేపటికే సుంకరుల పెద్ద జక్కయ్య కథ పెట్టాడు. జక్కయ్య తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానంటాడు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగిస్తానంటాడు. మొదటివాణ్ణి అంతా అమ్మమన్న యేసు రెండోవాడి సగాన్ని అడ్డు చెప్పకుండా ఒప్పుకుని, ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. శాతం ముఖ్యమైతే ఈ ఇద్దరికీ ఒకే తీర్పు రావాలి. జక్కయ్య తన నోటితోనే బాకీల లెక్క తెరిచాడు, యువకుడు మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. అపొస్తలుల కార్యాల్లో అననీయ, సప్పీరా దంపతుల కథలోనూ పేతురు అన్నదిదే: పొలం మీది, అమ్మినా డబ్బు మీ ఇష్టమే, అబద్ధం ఎందుకు ఆడారు అని.

అయితే లాజరు ఉపమానం దగ్గర నా వాదన కొంత తగ్గాల్సి వస్తుంది. లూకా పదహారో అధ్యాయంలోని ఆ ధనవంతుడు ఎవరికీ బాకీ ఉన్నట్టు ఒక్క మాట కూడా లేదు. ఊదారంగు బట్టలు కట్టాడు, రోజూ విందు చేసుకున్నాడు, అతని గుమ్మం దగ్గర కురుపులతో లాజరు పడి ఉన్నాడు. చచ్చాక ఒకడు మంటల్లో, ఒకడు అబ్రాహాము ఒడిలో. ధనవంతుడి మీద పెట్టిన నేరమేమిటంటే, ఏమీ లేదు. బతికుండగా నీ సుఖం నువ్వు అనుభవించావని మాత్రం అబ్రాహాము అంటాడు. బాకీ అంటే చేయించుకున్న పనికి ఇవ్వాల్సిన కూలి అని మాత్రమే తీసుకుంటే ఈ కథ ఆ చట్రంలో ఇమడదు. గుమ్మం దగ్గర పడి ఉన్నవాడు పని చేయకపోయినా, అడగకపోయినా, అక్కడ ఉండటమే ఒక హక్కు అని ఈ కథ అంటోంది. ఇది ఐదో వచనం కన్నా చాలా దూరం పోయే మాట, దాన్ని మెత్తబరచడానికి నేను ప్రయత్నించను. నాలుగో శతాబ్దంలో, కరువు రోజుల్లో, తర్వాత కైసరయ బిషప్పు అయిన బాసిల్ పెట్టెలో మడిచి దాచిన బట్ట బట్టలేనివాడిదేనని బోధించింది ఈ దారిలోనే. అంతకు ముందు అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ ధనవంతుల రక్షణ గురించి ప్రత్యేకంగా ఒక ప్రసంగ గ్రంథం రాసి, వదులుకోవాల్సింది ఆస్తిని కాదు, ఆస్తి మీది వ్యామోహాన్ని అని సర్దిచెప్పాడు. ఉన్నవాళ్ల చెవికి క్లెమెంట్ ఎప్పుడూ ఇంపుగా ఉంటాడు, వ్యామోహాన్ని తూకం వేసే కాటా ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు మరి. ఒక్కటి మాత్రం గమనించాలి. లాజరును ఒడిలో కూర్చోబెట్టుకున్న అబ్రాహాము ఆ కథలోని ధనవంతుడి కన్నా తక్కువ ఆస్తిపరుడేమీ కాదు. తేడా గుమ్మం దగ్గర ఉంది. ఎండవేళ దారిన పోయే ముగ్గురు అపరిచితులను చూసి డేరా గుమ్మం నుంచి పరుగెత్తుకెళ్లి పిలుచుకొచ్చిన మనిషి అతను.

ఈ రెండు గొంతుల మధ్యా నిజామాబాద్ జిల్లా క్రైస్తవం పుట్టిన తీరు కూడా చూడదగ్గది. ఇక్కడికి వచ్చిన మిషనరీలు వెస్లియన్లు. వాళ్ల మూలపురుషుడు జాన్ వెస్లీ ధన వినియోగం మీద 1760లో అచ్చువేసిన ప్రసంగంలో మూడు సూత్రాలు చెప్పాడు: వీలైనంత సంపాదించు, వీలైనంత పొదుపు చెయ్యి, వీలైనంత ఇచ్చెయ్యి. మొదటి సూత్రం కింద పొరుగువాడి ఒంటికీ ఆస్తికీ హాని చేసే సంపాదన పనికిరాదని పేజీల కొద్దీ షరతులున్నాయి. తన మనుషులు మొదటి రెండూ చక్కగా పాటించి మూడోదాన్ని మరిచిపోతున్నారని ముసలితనంలో అతను బాధపడ్డాడు. ఆ సంప్రదాయం నుంచి వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో 1914లో మొదలుపెట్టిన చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. నిజామాబాద్ ప్రాంతపు సి.ఎస్.ఐ. సంఘాలకూ మెదక్ అధ్యక్ష మండలమే కేంద్రం కాబట్టి అది వీళ్ల చర్చి కూడా. కరువు కాలంలో ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి, పనికి తిండి ఇచ్చి దాన్ని కట్టించారన్నది అందరికీ తెలిసిన కథే. దీని మీద రెండు వైపులా అడగవచ్చు. పక్కన జనం మాడుతుంటే సుమారు 175 అడుగుల గోపురం, రంగురంగుల అద్దాల కిటికీలూ ఎందుకు, ఆ డబ్బు పేదలకు పంచితే పోదా అన్నది ఒకటి. యేసు తల మీద మూడువందల దేనారాల అత్తరు పోసిన స్త్రీని చూసి అక్కడివాళ్లు అన్నది ఇదే మాట. ఒక దేనారం ఒక రోజు కూలి, అంటే అది కూలివాడి ఏడాది సంపాదన. యేసు ఆమెను వెనకేసుకొచ్చాడు. చర్చి కట్టినవాళ్లను సమర్థించేవాళ్లు ఈ కథ చెప్పి ఊరుకుంటారు. నాకది చాలదనిపిస్తుంది, ఆ స్త్రీ పోసింది తన సొంత అత్తరు, ఇంకొకరి చెమట కాదు. మెదక్‌ను చూడాల్సింది యిర్మీయా కొలతతో. దొర ఇంటికి, పటేల్, పట్వారీల ఇళ్లకు మాల, మాదిగలు వెట్టిచేయడం మామూలైన ఆ రోజుల్లో, రాయి మోసినందుకు సాయంత్రానికి ఏదో ఒకటి చేతికి రావడమే కొత్త సంగతి. యెహోయాకీము మేడకూ ఈ గోపురానికీ మధ్య గీత అక్కడ ఉంది. ఆ ఇచ్చింది పూర్తి కూలేనా, ప్రాణం నిలుపుకునేంతేనా అని అడిగే హక్కు మాత్రం ఆ రాళ్లు మోసినవాళ్ల మనవలకు ఉంటుంది.

నిజామాబాద్‌కు మరింత దగ్గర్లో డిచ్‌పల్లి ఉంది. స్కాట్లండ్ నుంచి 1907లో వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠురోగుల కోసం అక్కడ 1915లో విక్టోరియా ఆస్పత్రి తెరిచారు. దానికి పెద్ద విరాళం ఇచ్చినవాడు రాజా నర్సాగౌడ్, హిందువు, నిజామాబాద్ సంపన్నుడు. రోగం పేరు చెబితేనే ఊరి బయటికి నెట్టేసే రోజుల్లో, కురుపులతో గుమ్మం ముందు పడి ఉన్నవాడి కథ చదువుకునే మతంవాళ్ల ఆస్పత్రికి ఆ కథతో నిమిత్తం లేని ధనవంతుడు డబ్బిచ్చాడు. లాజరు ఉపమానానికి ఇంతకన్నా సరైన తెలుగు జవాబు నాకు తెలియదు. చర్చి ఆ డబ్బును పుచ్చుకోవడంలోనూ ఒక పాఠం దాగి ఉంది. ఇచ్చేవాడి విశ్వాసం ఏమిటని అది అడగలేదు. ధనం మీద బైబిలు ఇంత అనుమానం చూపినా, ధనవంతుడి డబ్బు ముట్టరాదని ఎక్కడా చెప్పకపోవడం ఇలాంటి ఆస్పత్రులు నిలబడటానికి పనికొచ్చింది.

ఇప్పుడు బలమైన అభ్యంతరానికి వద్దాం. పదో వచనాన్ని, దీవెనల ప్రసంగాలను వెక్కిరించడం కడుపు నిండినవాళ్లకు సులువు. ఆ సభలకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఎవరు? తెలంగాణ క్రైస్తవుల్లో అధికభాగం మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. తరతరాలుగా భూమి లేదు, కూలి దక్కలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడికి షెడ్యూల్డు కులం హోదా పోతుంది. రాష్ట్రంలో అతను బి.సి. సి గ్రూపులో చేరి ఒక శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. మతం మారినందుకు పేదరికం మారదు, దాన్ని గుర్తించే కాగితం మాత్రం మారిపోతుంది. అలాంటివాడికి నీ గంప నిండుతుంది, నువ్వు తలగా ఉంటావు గానీ తోకగా ఉండవు అన్న వాగ్దానం చెప్పడం అత్యాశ నేర్పడం కాదు. ఆ మాటలు మొదట చెప్పింది కూడా ఐగుప్తులో ఇటుకలు చేసి చేసి బయటపడ్డ బానిసల సంతతికే. ఈ వాదనతో నాకు పేచీ లేదు, నిజానికి దీవెన వచనాలను సరైన చిరునామాకు చేర్చే చదువు ఇదే. పేచీ ఆ తర్వాతి మెట్టు దగ్గర మొదలవుతుంది. కానుక వేస్తే వందింతలవుతుందని చెప్పి, కానప్పుడు నీ విశ్వాసం చాలలేదనడం యోబు స్నేహితులు చేసిన పని. నీకు కష్టం వచ్చిందంటే నువ్వేదో తప్పు చేసి ఉంటావని వాళ్లు అధ్యాయాల కొద్దీ వాదించారు. చివర్లో దేవుడు మాట్లాడి, యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగా పలకలేదని వాళ్లమీద కోప్పడ్డాడు. ఆ తర్వాత యోబుకు గొర్రెలు పద్నాలుగు వేలు, ఒంటెలు ఆరువేలు, మొత్తం రెట్టింపుగా తిరిగి వచ్చాయని అదే అధ్యాయం చెబుతుంది, కాబట్టి చివరికి స్నేహితులే గెలిచారని వాదించేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ రెట్టింపు ఏ కానుకకూ ప్రతిఫలంగా రాలేదు. బూడిదలో కూర్చుని దేవుడితో వాదులాడిన మనిషికి వచ్చింది.

దశమభాగం లెక్క కూడా ఈ వెలుగులో ఇంకోలా కనిపిస్తుంది. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం ప్రకారం ప్రతి మూడో ఏడు ఆ పదో వంతును ఎవరి ఊళ్లో వాళ్లు కూడబెట్టాలి. ఆస్తిలో వాటా లేని లేవీయులతో పాటు పరాయివాళ్లు, తండ్రిలేని పిల్లలు, విధవరాళ్లు దాన్ని కడుపునిండా తినాలి. మలాకీ ఐదో వచనంలో అన్యాయమైపోతున్నారని చెప్పిన మనుషులూ వీళ్లే. మందిరపు కొట్టు నింపమన్న పదో వచనం ఎవరి పేరు మీద నింపమంటోందో దీన్ని బట్టి ఊహించవచ్చు. సంఘం కూడా ఒక యజమాని అని మనం తరచూ మరిచిపోతాం. బడులూ ఆస్పత్రులూ భూములూ దానికి ఉన్నాయి, అక్కడ పని చేసే ఆయాలు, వాచ్‌మెన్, పల్లెల్లో తిరిగే సువార్తికులు ఉన్నారు. వాళ్ల జీతం ఏ తారీఖున అందుతుందన్న ప్రశ్న శక్కర్‌నగర్‌కు ఎంత వర్తిస్తుందో, చర్చి కాంపౌండుకూ అంతే వర్తిస్తుంది. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం పౌలు గ్రీకు పట్టణాల్లో చందా పోగుచేసినప్పుడు, దాని గురించి కొరింథు సంఘానికి రెండో పత్రికలో రెండు పూర్తి అధ్యాయాలు రాశాడు. మీకు భారం చేసి వాళ్లకు తేలిక చేయడం కాదు, ఇరువైపులా సమం కావాలన్నది ఉద్దేశమన్నాడు. ఆ మూట తాను ఒక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని తోడుగా పంపుతున్నాననీ, ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ తమను వేలెత్తి చూపకుండా ఈ జాగ్రత్త అనీ రాశాడు. కానుకల పెట్టె పక్కన లెక్కల నోటీసు అంటించమని అడిగే విశ్వాసిని పెద్దలు అవిశ్వాసిగా చూడబోతే, చూపించడానికి ఆ పత్రిక ఎనిమిదో అధ్యాయం ఇరవయ్యో వచనం ఉంది.